ఓరుగల్లు కోటలో అద్దె ఇల్లు

కూడు, గుడ్డ, గూడు మానవుని కనీసావసరాలు. మొదటి రెండింటినీ చేతిలోని డబ్బును బట్టి కొంచెం కొంచెంగా సమకూర్చుకోవచ్చు. గూడు అటువంటిది కాదు. సొంత ఇల్లు లేనివాడు నెల తిరిగేసరికి మొత్తం అద్దె ఒక్కసారిగా చెల్లించవలసిందే. అందువల్ల పరిమితమైన ఆదాయంతో నగరానికి వచ్చిన కుటుంబానికి ఒక పడకగది, ఒక వంటగది గల చిన్న ఇంటిని వెదకడమే మొదటి పరీక్ష అవుతుంది.

ఓరుగల్లుకు పొరుగూరివారు రావడం కొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు ఈ నగర వీథులన్నీ తిరుగుతారు. ఒక రూకకు కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లు వారికి దొరుకుతుంది. వారు ఒక్కనాటి విహారానికి వచ్చినవారు కాబట్టి ఇంటి అద్దె సంగతి వారికి పట్టలేదు. ఆధునిక కాలంలో వచ్చినవారు నిలిచిపోవడానికి వచ్చారు. 1934లో ఆజంజాహి మిల్లు, 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వెలిశాయి. మిల్లు మూతపడినా విద్యాసంస్థలు, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు చుట్టుపక్కల పల్లెల ప్రజలను ఆకర్షిస్తూనే ఉన్నాయి. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట కలిసిపోయిన ఈ నగరంలో 2011 జనాభా లెక్కల నాటికే ఆరు లక్షలకు పైగా ప్రజలున్నారు. కళాశాలలు, కార్యాలయాలు ఎక్కువగా ఉన్న హనుమకొండ వైపు గిరాకీ ఎక్కువ. చౌకగా ఇల్లు కావాలనుకునేవారి చూపు సహజంగా పాత పేటల వైపు మళ్ళుతుంది.

అటువంటి పాత పేటలలో ఖిలా వరంగల్ విలక్షణమైనది. రైల్వే స్టేషను దాటి శివనగర్ మీదుగా వెళితే మట్టికోట, దాని లోపల రాతికోట కనిపిస్తాయి. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలంలో రూపుదిద్దుకున్న ఈ ప్రాకారాల నడుమ నేటికీ జనం కాపురాలు చేస్తున్నారు. తూర్పు కోట, మధ్య కోట, పడమర కోట అన్నవి ఇక్కడ చరిత్ర పుస్తకంలోని పేర్లు మాత్రమే కావు, ఉత్తరాల మీద రాసే చిరునామాలు.

అయితే కోటలో అపార్టుమెంటు కోసం వెదకడం వృథాశ్రమ. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి లేనిదే కట్టరాదు. మరమ్మతుకు సైతం అనుమతి కావాలి. కీర్తితోరణాలను కాపాడటానికి ఈ నియమం అవసరమే. కానీ దాని బరువును మోసేది ఆ నీడలో బ్రతికే సామాన్యుడు. కొడుకు పెళ్ళికి ఒక గది పెంచుకోవాలన్నా, మేడ వేసి ఒక పోర్షను అద్దెకిచ్చి నాలుగు రూపాయలు కళ్ళజూడాలన్నా ఇంటి యజమానికి చట్టం అడ్డు వస్తుంది. ఇళ్ళు పెరగనిచోట అద్దె ఇళ్ళూ పెరగవు. ఉన్నవాటిలో పాత పెంకుటిళ్ళ పోర్షన్లనే చూసుకోవాలి. వాటి సంగతి టులెట్ బోర్డుల కంటె వీథి మొగలోని కిరాణా కొట్టులోనే ముందుగా తెలుస్తుంది.

అద్దె తక్కువైనంత మాత్రాన ఇల్లు చౌక అనుకోరాదు. కోటలో 4,500 రూపాయలకు ఒక ఇల్లు, హనుమకొండలో 6,500 రూపాయలకు ఒక ఇల్లు ఉన్నాయనుకుందాం. హనుమకొండలో కొలువు చేసే వ్యక్తి కోటలో కాపురముంటే రానుపోను ఆటోకు రోజుకు 80 రూపాయల వంతున 25 పనిదినాలకు 2,000 రూపాయలవుతుంది. మిగిలిందనుకున్న డబ్బు దారిలోనే పోయినట్లు! స్టేషను పరిసరాలలో పనిచేసేవారికి మాత్రం ఆ ఇల్లు నిజంగా లాభమే. కరెంటు మీటరు సంగతి కూడా ఇటువంటిదే. వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. రెండు కుటుంబాలకు ఒకే మీటరు ఉంటే ఇద్దరి వాడకమూ కలిసి పై శ్లాబులోకి వెళ్ళి, పొదుపుగా వాడుకున్నవారికి సైతం భారమవుతుంది. కాబట్టి వేరు మీటరు గల పోర్షనుకు కొంత ఎక్కువ అద్దె ఇచ్చినా నష్టం లేదు.

ఈ నగరంలో మరొక ప్రశ్న తప్పక అడగవలసి ఉన్నది. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను కురిసిన వర్షాలకు ఇక్కడి లోతట్టు కాలనీలు నీట మునిగాయి. చెరువులు తవ్వించడంలో కాకతీయులకు సాటిలేదని చెప్పుకుంటాము. ఆ నీరు పారే దారులను ఇళ్ళతో పూడ్చుకున్నది మాత్రం తరువాతి తరాలవారే. అద్దె మరీ తక్కువగా ఉన్నచోట, వాననీరు ఎంతవరకు వచ్చిందో ఇంటివారిని కాక ఎదురింటివారిని అడగడం మంచిది.

ఆషాఢ, పుష్యమాసాలలో ఇల్లు మారడానికి చాలామంది ఇష్టపడరు. పట్టింపు లేనివారికి ఆ నెలలలో బేరమాడే వీలు చిక్కుతుంది. పట్టింపులన్నీ ఇంత నిరపాయకరమైనవి కావు. “మీరేమిటోళ్ళు?” అన్న ప్రశ్న అద్దె ఎంతో చెప్పకముందే వినిపించే వాకిళ్ళు నేటికీ ఉన్నాయి. కులం చెప్పగానే, మతం తెలియగానే “నిన్ననే ఎవరికో ఇచ్చేశామండీ” అనే సమాధానం వస్తుంది. ఒంటరి స్త్రీకి, పెళ్ళికాని యువకునికి ఇదే అనుభవం. చేతిలో అద్దె డబ్బు ఉండి కూడా వీథి వీథీ తిరగవలసిరావడం ఇల్లు కరువైనందువల్ల కాదు, మనసు ఇరుకైనందువల్ల.

ఇల్లు కుదిరిన తరువాత కాగితం రాసుకోవాలి. సంవత్సరానికి మించిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి రావడానికి కారణమిదే. ఏ ఒప్పందమూ లేనప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నివాస గృహపు అద్దె నెలవారీ ఏర్పాటుగా పరిగణింపబడుతుంది. దానిని ముగించదలచినవారు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని 2021లో కేంద్రం ఆమోదించిన మాదిరి అద్దె చట్టం సూచిస్తున్నది. కానీ రాష్ట్రం స్వీకరిస్తేనే అది అమలులోకి వస్తుంది. ఖాళీ చేసేనాడు తగాదా వచ్చేది సాధారణంగా సున్నం ఖర్చు దగ్గర. అడ్వాన్సులో దానికి ఎంత మినహాయించేదీ, చేరిన రోజున మీటరులో ఎన్ని యూనిట్లున్నదీ ఆ కాగితంలోనే రాసి, ఇరువురూ సంతకాలు చేసి, చెరొక ప్రతి దాచుకోవాలి.