అడిగి తెలుసుకుని గీసింది

ఆఫీసు గదిలోకి అడుగు పెట్టగానే అక్కడ పెద్ద ఎవరో ఇట్టే చెప్పెయ్యొచ్చు. మూలకి వాలుగా వేసిన బరువైన బల్ల, దాని వెనక ఎత్తు వీపు కుర్చీ, ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. అమెరికాలోనూ 1940ల నాటికి ఇదే వరస. ఆ బల్లని మూలలోంచి కదిలించినావిడ పేరు ఫ్లోరెన్స్ నోల్.

1917లో మిచిగాన్ రాష్ట్రంలోని సాగినాలో పుట్టింది. అయిదేళ్లప్పుడు తండ్రి, పన్నెండేళ్లప్పుడు తల్లి పోయారు. ఏ స్కూల్లో చేరతావో నువ్వే చూసుకోమని సంరక్షకుడు అంటే, ఈ పిల్ల భవనం నచ్చిందని ఒక స్కూలు ఎంచుకుంది! దాన్ని కట్టిన ఎలియెల్ సారినెన్ కుటుంబం ఆమెని కన్నబిడ్డలా చేరదీసింది. తరవాత లండన్లో చదువు, చికాగోలో మహామహుడు మీస్ వాన్ డెర్ రో దగ్గర శిష్యరికం. 1941లో ఆర్కిటెక్ట్ పట్టా చేతికొచ్చింది.

పట్టా అయితే వచ్చింది గానీ, న్యూయార్కులో ఉద్యోగంలో చేరితే అక్కడున్న ఒక్కగానొక్క ఆడపిల్ల కదా అని గదుల లోపలి పని అప్పగించారు. గోడలు మగవాళ్లవి, పరదాలు మనవి అన్నమాట. ఆవిడ ఆ పనినే పట్టుకుని ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి.

ఫర్నిచర్ వ్యాపారి హాన్స్ నోల్‌తో కలిసి పనిచేసి, 1946లో అతన్నే పెళ్లాడింది. ఆ కంపెనీలో ఆవిడ నడిపిన విభాగం పేరు ప్లానింగ్ యూనిట్. ఏదైనా సంస్థ ఆఫీసు అమర్చమని వస్తే, పెన్సిల్ పట్టుకోకముందే ప్రశ్నలు మొదలు. ఇక్కడ ఎవరు ఏం పని చేస్తారు? ఎవరితో మాట్లాడాల్సి వస్తుంది? కాగితాలు ఎక్కడ దాచుకుంటారు? జవాబులన్నీ చేతికొచ్చాకే గీత.

ఇది చదువుతుంటే మా వంటిల్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు గట్టు ఎంత ఎత్తుండాలో మేస్త్రి మా మావగారిని అడిగాడు. ఆయన జన్మలో స్టవ్ ముట్టించి ఎరగరు. పదిహేనేళ్లుగా ఆ ఎత్తుకి నా భుజాలు లేపి కూర కలుపుతున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి గట్టో, అందని అలమరో ఉండే ఉంటుంది!

సరే, ఆఫీసర్ల బల్లల సంగతి. వాళ్ల పనిలో సగం మాట్లాడుకోవడమే అని గమనించింది ఫ్లోరెన్స్. అయితే సొరుగులెందుకు? కాగితాలు గోడవారన పొట్టి బీరువాలోకి పంపేసి, బల్లని నలుగురూ చుట్టూ కూర్చునేలా మార్చింది. ఏ గుడ్డ ఏ రంగు పక్కన నప్పుతుందో చూడ్డానికి, మనం మ్యాచింగ్ సెంటర్‌కి జాకెట్టు ముక్క పట్టుకెళ్లినట్టు, చిన్న చిన్న గుడ్డ పీలికలు, చెక్క ముక్కలు గది ప్లాను మీద అతికించి చూపించేది.

కుర్చీలో మనిషి ఒకే తీరున కూర్చోడని కూడా కనిపెట్టింది. కాళ్లు ముడుచుకుని ఒదిగి కూర్చునే కుర్చీ కావాలని చిన్ననాటి స్నేహితుడు ఈరో సారినెన్ని పోరింది. ఎలియెల్ కొడుకే ఈయన. ఫైబర్ గ్లాసుతో దాన్ని ఎలా పోతపోయాలో తెలీక ఇద్దరూ పడవలు చేసేవాడి దగ్గరికెళ్లారు. అదే 1948లో వచ్చిన వూంబ్ చైర్, అంటే అమ్మ కడుపు లాంటి కుర్చీ.

1955లో హాన్స్ కారు ప్రమాదంలో చనిపోయాడు. కంపెనీ పగ్గాలు ఈవిడే పట్టుకుంది. ఈరో గీసిన సీబీఎస్ టీవీ సంస్థ ఆకాశహర్మ్యం న్యూయార్కులో లేవకముందే, 1961లో అతనూ పోతే, లోపలి అమరిక అంతా ఈవిడే చేసింది. ఎక్కువ పేరు తెచ్చినవి పెద్ద అధికారుల గదులే అన్నది నాకు కాస్త వెలితి. టైపిస్టు అమ్మాయి బల్లకి కూడా అంత ఖ్యాతి వచ్చుంటే బాగుండేది.

ఇంత చేసినా పత్రికలవాళ్లు డెకరేటర్ అనే రాసేవారు. ఆ మాట ఆవిడకి గిట్టదు. నేను అలంకరించేది మా ఇల్లొక్కటే అనేది.

1965లో తప్పుకుని, రెండో భర్తతో ఫ్లోరిడాలో ఉండిపోయింది. 2019లో నూట ఒకటో ఏట కన్నుమూసింది. 2004లో ఫిలడెల్ఫియా మ్యూజియం ఆవిడ పనుల ప్రదర్శన పెట్టినప్పుడు ఏ కుర్చీ ఎక్కడుండాలో ఎనభై ఏడేళ్ల వయసులో తనే ప్లాను గీసి ఇచ్చింది.