ఆరు పాయింట్లు... అరవై రెండేళ్లు!

2016 సెప్టెంబరు 26, సోమవారం. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో నేను పనిచేసే గోడౌన్‌లో ఆ రోజు టీ బ్రేకు పావుగంట కాదు, ముప్పావుగంట సాగింది. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు. అనడానికి ఆయనకి తీరిక ఉంటేగా! అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నది ఆయనే.

విషయం ఏంటంటే, అంతకుముందు శనివారం రాత్రి మా ‘వెస్టర్న్ బుల్‌డాగ్స్’ జట్టు సిడ్నీ వెళ్లి, జీడబ్ల్యూఎస్ జెయింట్స్‌ని వాళ్ల సొంత మైదానంలో ఆరు పాయింట్ల తేడాతో ఓడించింది. అది ప్రిలిమినరీ ఫైనల్, అంటే మన లెక్కలో సెమీఫైనల్. గెలిస్తే గ్రాండ్ ఫైనల్. మా జట్టు చివరిసారి గ్రాండ్ ఫైనల్ ఆడింది 1961లో. కప్పు గెలిచింది 1954లో, అదీ ఒకే ఒక్కసారి.

‘మా జట్టు’ అని ఎంత ధీమాగా రాస్తున్నానో చూడండి! మాది ఖమ్మం. 2013లో ఇక్కడికొచ్చా. టార్నీట్, ట్రుగానినా, పాయింట్ కుక్... ఈ పడమటి వైపు ఏ వీధిలో చూసినా మనవాళ్లు కనిపిస్తారు. పనిలో చేరిన మొదటి వారమే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన ‘‘ఏ టీమ్ నీది?’’ అనడిగాడు. ఇండియా అన్నాను. ‘‘అది క్రికెట్‌కి. ఫుటీకి ఎవరు?’’ అన్నాడు. తెల్లమొహం వేశాను. ‘‘పడమటి వైపు ఉంటున్నావుగా, నువ్వు డాగ్స్ మనిషివి’’ అని ఆయనే తేల్చేశాడు. నన్ను అడిగిందేం లేదు!

ఇదేం ఆటరా బాబూ!

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ మొదటిసారి చూసినవాడికి అది ఆటో కొట్లాటో అర్థం కాదు. జట్టుకి 18 మంది. కోడిగుడ్డు ఆకారంలో బంతి. మైదానం క్రికెట్‌దే. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి బంతిని తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే ‘బిహైండ్’, ఒక్క పాయింటు. అంటే గురి కొంచెం తప్పినవాడిక్కూడా ఒక పాయింటు ఇచ్చి ఓదార్చే ఆట ఇది. నాకు నచ్చింది కూడా అదే.

ఆ శనివారం జెయింట్స్ స్కోరు 12 గోల్స్, 11 బిహైండ్‌లు, మొత్తం 83. మాది 13 గోల్స్, 11 బిహైండ్‌లు, మొత్తం 89. సరిగ్గా ఒక్క గోల్ తేడా! రెండు గంటలకు పైగా ఒకళ్ల మీద ఒకళ్లు పడి కొట్టుకున్నాక మిగిలిన తేడా అదొక్కటే.

జెయింట్స్ మీద మావాళ్లకి అంత కసి ఎందుకంటే, అదో పెద్ద కథ. మాది 19వ శతాబ్దంలో పుట్టిన కార్మికవాడ క్లబ్బు. జెయింట్స్ 2012లో లీగ్‌లో అడుగుపెట్టిన కొత్త క్లబ్బు. పశ్చిమ సిడ్నీలో ఈ ఆటని పెంచాలని లీగే దగ్గరుండి పుట్టించి, మెరికల్లాంటి కుర్రాళ్లని ముందుగా ఎంచుకునే వీలు కల్పించింది. మా దగ్గర పెరిగిన క్యాలన్ వార్డ్ మొదట్లోనే అటు వెళ్లాడు. 2014 చివర్లో ఏకంగా మా కెప్టెన్ ర్యాన్ గ్రిఫెన్ అటే వెళ్లిపోయాడు. ఆ గొడవలో కోచ్ కూడా తప్పుకున్నాడు. బదులుగా అక్కణ్నుంచి టామ్ బోయ్డ్ అనే పొడుగాటి కుర్రాడు ఏడేళ్ల ఒప్పందం మీద వచ్చాడు. ‘‘వీడికి ఇంత డబ్బా!’’ అని ఊరంతా ముక్కున వేలేసుకుంది.

గెలిపించింది ఎవరు?

సోమవారం టీ బల్ల దగ్గర తగువు మొదలైంది దీనిమీదే. ప్యాకింగ్‌లో పనిచేసే కుర్రాడొకడు ఉన్నాడు. అమ్మానాన్నా వియత్నాం నుంచి వచ్చి ఫుట్‌స్క్రేలో స్థిరపడ్డారు. స్నేహితులతో కలిసి దాదాపు 900 కిలోమీటర్లు కారేసుకుని సిడ్నీ వెళ్లొచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది. అయినా ఊరుకోడే!

‘‘క్లే స్మిత్! ఇంకెవరు?’’ అన్నాడు గుసగుసగా. నాలుగు గోల్స్ కొట్టాడు క్లే స్మిత్. మోకాలికి మూడుసార్లు పెద్ద ఆపరేషన్లు అయిన మనిషి. ప్రాణస్నేహితుడు పోయింది ఆ వారంలోనే.

‘‘కాదు, మెక్రే’’ అన్నాడు సూపర్‌వైజర్. ‘‘చివర్లో మనల్ని ముందుకు తెచ్చిన గోల్ అతనిదేగా!’’

‘‘అసలు మనం థాంక్స్ చెప్పాల్సింది గ్రిఫెన్‌కి’’ అంది అకౌంట్స్‌లో పనిచేసే ఆవిడ. ఒక్కసారిగా అందరూ ఆవిడ మీద పడ్డారు. పారిపోయినవాడికి థాంక్స్ చెప్పడమేంటని. ఆవిడ తగ్గలేదు. ‘‘అతను పోకపోతే పాత కోచ్ పోయేవాడా? బెవరిడ్జ్ వచ్చేవాడా? బోయ్డ్ వచ్చేవాడా? ఇంట్లోంచి ఒకరు వెళ్లిపోతేనే ఒక్కోసారి ఇల్లు బాగుపడుతుంది’’ అంది. దానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆవిడ మాటకి అక్కడ ఇంకో విలువ కూడా ఉంది. 1989లో ఈ క్లబ్బు అప్పుల్లో మునిగితే ఫిట్జ్‌రాయ్ అనే ఇంకో జట్టులో కలిపేస్తామని ప్రకటించారు. అప్పుడు దాని పేరు ఫుట్‌స్క్రే. అభిమానులు కోర్టుకెళ్లి కొన్ని వారాల గడువు తెచ్చుకున్నారు. ఆ గడువులో సుమారు 15 లక్షల డాలర్లు కావాలి. పిల్లలు డబ్బాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఆ పిల్లల్లో ఈవిడొకరు. ‘‘మా వీధి చివరింటి ముసలావిడ పాల సీసాకని దాచుకున్న చిల్లర డబ్బాలో వేసింది. ఆమె ఎప్పుడూ ఆటకి వెళ్లిన మనిషి కాదు. శనివారం ఆఖరి సైరన్ మోగగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది’’ అంది.

నాకు అప్పుడు తట్టింది. గెలిచి రెండు రోజులైనా కాలేదు, వీళ్లు గెలుపు గురించి మాట్లాడుతున్నది తక్కువ. పోగొట్టుకున్నవాటి గురించే ఎక్కువ. ఇన్నాళ్లూ ఆ మాటలెత్తితే నొప్పి. ఇప్పుడు ఒక గెలుపు దొరికింది కాబట్టి నిర్భయంగా ఎత్తుతున్నారు.

పెద్దాయన చూడలేదు!

అంతసేపూ ఒక్క మనిషి మాత్రం మాట్లాడలేదు. ఫోర్క్‌లిఫ్ట్ పెద్దాయన. వింటున్నాడు, మధ్యమధ్య అడుగుతున్నాడు. ‘‘మెక్రే కొట్టినప్పుడు ఎంత దూరం?’’ ‘‘ఎన్ని నిమిషాలున్నాయి అప్పటికి?’’ కుర్రాడికి అనుమానం వచ్చింది. ‘‘మీరు చూళ్లేదా?’’

‘‘లేదు’’ అన్నాడాయన. ‘‘పెరట్లో కలుపు పీకుతున్నా.’’

అందరం నోరెళ్లబెట్టాం. అప్పుడు చెప్పాడు. 1961 గ్రాండ్ ఫైనల్‌కి ఆయనకి పదకొండేళ్లు. తండ్రితో వెళ్లాడు, ఓడిపోయారు. ఆ తర్వాత ప్రిలిమినరీ ఫైనల్స్ 1985, 1992, 1997, 1998, 2008, 2009, 2010. ఏడింటికీ వెళ్లాడు. ఏడూ ఓడిపోయారు. 1997లో అయితే రెండే పాయింట్లు తేడా. టోనీ లిబరాటోరే తన్నిన బంతి గోలే అనుకుని సంబరం చేసుకుంటుంటే, కాదు బిహైండేనన్నాడు అంపైర్. ఆ టోనీ కొడుకే ఇప్పటి జట్టులో ఆడుతున్న టామ్.

‘‘ఎనిమిదోసారి వద్దనుకున్నా. నేను వెళ్తేనే ఓడిపోతున్నారు. టీవీ కూడా పెట్టలేదు. ఆట అయ్యాక మా ఆవిడ కిటికీలోంచి బొటనవేలు పైకెత్తి చూపించింది. మట్టిలోనే కూర్చుండిపోయా’’ అన్నాడు.

నవ్వుదామంటే నవ్వు రాలేదు. నాకు మా ఖమ్మం గుర్తొచ్చింది. 2011 వరల్డ్ కప్ ఫైనల్లో సచిన్ ఔటయ్యాక మా బాబాయి గదిలోకొచ్చి కూర్చుంటే కోహ్లీ, గంభీర్ నిలబడ్డారు. అంతే, ఆట అయ్యేదాకా ఆయన్ని మంచినీళ్లకి కూడా లేవనివ్వలేదు. ‘పాదం’ అంటామే మనం, మంచి పాదం, చెడ్డ పాదం అని. అది ఇక్కడా ఉంది. దానికో పేరు లేదంతే.

పెద్దాయనకి అసలు చిక్కు ఆ వారంలోనే వచ్చింది. ఎన్నో ఏళ్లుగా క్లబ్బు సభ్యత్వం ఉంది కాబట్టి గ్రాండ్ ఫైనల్‌కి టికెట్ దొరికింది. వెళ్లనన్నాడు. కుర్రాడికి ఇచ్చేస్తానన్నాడు. తీసుకోవడానికి కుర్రాడికి చేతులు రావట్లేదు, వద్దనడానికి మనసు రావట్లేదు. మంగళవారం, బుధవారం టీ బ్రేకులో ఇదే చర్చ. ‘‘ఆడేది వాళ్లు, ఓడేది వాళ్లు. వాళ్ల తప్పు మీరెందుకు మోస్తారు?’’ అంది అకౌంట్స్ ఆవిడ. ఆయన తల అడ్డంగా ఊపాడు.

బుధవారం రాత్రి అమ్మతో వీడియో కాల్‌లో మాటల మధ్య ఇదంతా చెప్పాను. అమ్మకి ఆ ఆట తెలీదు, ఆ జట్టూ తెలీదు. కాసేపు ఆలోచించి, ‘‘ఓడిపోతారని తెలిసి కూడా ఏడుసార్లు వెళ్లాడంటే, అది చెడ్డ పాదం ఎట్లా అవుద్దిరా? అంతకంటే మంచి పాదం ఎవరికుంటది? వెళ్లమను’’ అంది.

గురువారం ఆ మాట నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ‘‘మీ అమ్మగారు మన ఆట ఎప్పుడూ చూడలేదనుకుంటా’’ అన్నాడు. అందరం నవ్వాం. టికెట్ మాత్రం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అక్టోబరు 1

గ్రాండ్ ఫైనల్‌కి ముందురోజు శుక్రవారం ఇక్కడ రాష్ట్రమంతా సెలవు. ఒక ఆట ముందు రోజుకి ప్రభుత్వ సెలవు! మా ఇంటి చుట్టుపక్కల ఎరుపు, తెలుపు, నీలం జెండాలు. టార్నీట్‌లో ముగ్గుల పక్కన డాగ్స్ జెండా ఆ రోజే చూశాను. మా ఇంట్లో పులిహోర కలిపి, మనవాళ్లు పదిమందిమి టీవీ ముందు చేరాం. సగం మందికి రూల్స్ తెలీవు. కేకలు మాత్రం అందరివీ.

ఎంసీజీలో 99,981 మంది జనం. ఎదురుగా సిడ్నీ స్వాన్స్. సగం ఆటకి వాళ్లే రెండు పాయింట్లు ముందున్నారు. ఆఖరి క్వార్టర్లో మేం కాస్త ముందున్నా గుండెలు చేత్తో పట్టుకునే కూర్చున్నాం. అప్పుడు డేల్ మోరిస్ వెనకనుంచి వచ్చి స్వాన్స్ మహా ఆటగాడు ఫ్రాంక్లిన్‌ని పట్టేశాడు. జారిన బంతి బోయ్డ్‌కి దొరికింది. 50 మీటర్ల అవతల నుంచి తన్నాడు. బంతి నేలమీద పడి, దొర్లుకుంటూ స్తంభాల మధ్యలోంచి వెళ్లిపోయింది. ‘వీడికి ఇంత డబ్బా’ అన్నారే, ఆ కుర్రాడే! 89–67. ఏడో స్థానం నుంచి వచ్చి కప్పు కొట్టిన జట్టు అంతకుముందు లేదు.

మళ్లీ సోమవారం. ఈసారి పెద్దాయన మాట్లాడాడు, మేం విన్నాం. ఆట గురించి ఎక్కువ చెప్పలేదు. కోచ్ బెవరిడ్జ్ వేదిక మీదికి బాబ్ మర్ఫీని పిలవడం గురించి చెప్పాడు. మర్ఫీ క్లబ్బు కెప్టెన్. సీజన్ మొదట్లోనే మోకాలు దెబ్బతిని ఆటకి దూరమయ్యాడు. కోచ్ తన మెడలోని పతకం తీసి అతని మెడలో వేశాడు. ‘‘ఆడనివాడికి కూడా వాటా ఉందని చెప్పాడు. మా నాన్నకి కూడా ఉందనిపించింది’’ అని లేచి వెళ్లి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కేశాడు.

పెద్దాయన ఇప్పుడు రిటైరయ్యాడు. నేనూ ఆ గోడౌన్ వదిలేశాను. జెయింట్స్ 2019 ఫైనల్స్‌లో మమ్మల్ని 58 పాయింట్లతో చిత్తు చేసి బాకీ తీర్చుకున్నారు. 2021లో మళ్లీ గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లాం. కరోనా వల్ల ఆట పెర్త్‌కి మారింది. లాక్‌డౌన్‌లో ఉన్న మాలాంటివాళ్లం వెళ్లే దారి లేదు. మెల్‌బోర్న్ జట్టు చేతిలో 74 పాయింట్ల తేడాతో ఓడాం.

ఆ రాత్రి పెద్దాయన ఫోన్ చేశాడు. ఓదార్చాలేమో అనుకుంటూ ఎత్తాను.

‘‘మీ అమ్మగారికి చెప్పు’’ అన్నాడు. ‘‘ఈసారి నేను వెళ్లలేదు. అందుకే ఓడిపోయాం!’’