బీమా సొమ్ము నడిచే దారిలోనే వైద్యుడు

ధర్మాబాద్ స్టేషనులో రైలెక్కితే ఒకవైపు బాసర మీదుగా నిజామాబాద్, మరొకవైపు నాందేడ్. పెద్ద జబ్బు చేసినప్పుడు సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఈ రెండు ఊళ్ళే దిక్కు. ఆపరేషనుకు ప్రభుత్వమే సొమ్ము చెల్లించే కాలం వచ్చింది కదా, ఆపరేషను చేయగల వైద్యుడు మాత్రం తాలూకా కేంద్రానికి ఎందుకు రావడం లేదు? దీనికి జవాబు చాలావరకు ఆ సొమ్మును చెల్లించే పద్ధతిలోనే ఉన్నది.

ముందుగా పథకాల చరిత్రను తెలుసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై, 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. మహారాష్ట్రలో రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ ఆరోగ్య యోజన 2012 జూలై 2న ఎనిమిది జిల్లాలలో ప్రారంభమైంది. వాటిలో నాందేడ్ ఒకటి. 2017లో దానికి మహాత్మా జ్యోతిరావ్ ఫూలే పేరు పెట్టారు. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ ప్రారంభించింది. మహారాష్ట్రలో 2024 జూలై నుండి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, తెలంగాణలో 2023 డిసెంబరు నుండి 10 లక్షల వరకు రక్షణ కల్పించారు.

ఈ పథకాలన్నింటి స్వభావం ఒక్కటే. రోగి ఆసుపత్రిలో చేరితేనే, జాబితాలో ఉన్న చికిత్స పొందితేనే, ఆ ఆసుపత్రికి నిర్ణీత ప్యాకేజీ సొమ్ము అందుతుంది. జ్వరం, బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు వంటివాటికి వైద్యుడు చూసి మందు రాసిచ్చే రోజువారీ పనికి ప్యాకేజీ లేదు. పైగా పథకంలో చేరే ఆసుపత్రికి కనీస పడకలు, ఆపరేషను గది, నిపుణులు ఉండాలి. ఆరోగ్యశ్రీ మొదట 50 పడకలు అడిగింది.

కొత్తగా పట్టా పొందిన శస్త్రవైద్యుని స్థానంలో నిలిచి ఆలోచిస్తే సంగతి బోధపడుతుంది. అతడు ఒంటరిగా ధర్మాబాద్‌లో దవాఖానా తెరిస్తే మత్తుమందు డాక్టరు దొరకడు, రక్తనిధి అందుబాటులో ఉండదు, పథకం సొమ్ము రాదు. నగరంలో నెట్‌వర్కు ఆసుపత్రిలో చేరితే ఇవన్నీ సిద్ధంగా ఉంటాయి. పిల్లల చదువు, భార్యాభర్తలిద్దరి ఉద్యోగాలు కూడా అటే లాగుతాయి. కనుక దీనిని కేవలం సేవాభావం లేకపోవడంగా చూడడం సరికాదు.

నియమాలు మార్చితే ప్రవాహమూ కొంత మారుతుంది. 2011 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే ప్రత్యేకించింది. ఆ సొమ్ములో కొంత వాటా అక్కడి వైద్య సిబ్బందికి ప్రోత్సాహకంగా ఇచ్చింది. ఆయుష్మాన్ భారత్ కనీస పడకల సంఖ్యను 10కి తగ్గించి చిన్న ఆసుపత్రులకు తలుపు తెరిచింది. థాయిలాండ్ మరింత ముందుకు పోయింది. 2001-02లో ప్రారంభించిన పథకంలో, ఓపీ వైద్యానికి అక్కడ నమోదైన జనాభాను బట్టి, తలకింత చొప్పున స్థానిక వైద్య వ్యవస్థకు సొమ్ము ఇచ్చింది. దానికి తోడు యువ వైద్యులు మూడేళ్ళు ప్రభుత్వ సేవ చేయాలన్న నియమం అక్కడ ముందునుండే ఉన్నది. అయినా నగరాల ఆకర్షణ పూర్తిగా తగ్గలేదు. కానీ సొమ్ము రోగముతో గాక మనిషితో పాటు నడిచినప్పుడు పల్లె దవాఖానాకు నిలకడైన ఆదాయం ఉంటుందని ఆ దేశం చూపింది.

సరిహద్దువాసులకు మరొక చిక్కు ఉన్నది. ఆయుష్మాన్ లబ్ధిదారుల జాబితాలో పేరున్న కుటుంబం ఆ కార్డుతో, ఆయుష్మాన్‌లో చేరిన తెలంగాణ ఆసుపత్రిలోనూ చికిత్స పొందవచ్చు. ఆ జాబితాలో లేక, ఫూలే పథకం కింద మాత్రమే అర్హత ఉన్నవారికి ఈ సౌకర్యం లేదు. నిజామాబాద్ దగ్గరని బయలుదేరి, అక్కడ కార్డు చెల్లదని తెలిసి, అప్పు చేయవలసిన పరిస్థితి రాకూడదు. కావున ఇంట్లో అందరూ బాగున్నప్పుడే తమ కార్డు ఏ పథకానిదో విచారించుకోవాలి. ఆయుష్మాన్ సమాచారానికి 14555, ఫూలే పథకానికి 155388 నంబర్లు ఉన్నాయి. నెట్‌వర్కు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగినా చెబుతారు. మహారాష్ట్ర ప్రజారోగ్య శాఖ ఆసుపత్రులలో 2023 ఆగస్టు 15 నుండి వైద్యం ఉచితమన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక గ్రామసభలలో, ప్రజాప్రతినిధుల ఎదుట అడగవలసిన ప్రశ్న బీమా ఎన్ని లక్షలన్నది ఒక్కటే కాదు. ఆ సొమ్ములో గ్రామీణ ఆసుపత్రికి చేరేదెంత, అక్కడ మత్తుమందు డాక్టరు, ప్రసూతి డాక్టరు పోస్టులు నిండాయా అన్నవి కూడా అడగాలి. కార్డు జేబులో ఉన్నా, రాత్రివేళ నొప్పులు పడే తల్లికి కావలసినది దగ్గరలో ఉన్న వైద్యుడే.