కొత్త విండోస్ మీద పన్ను పనులు: దాతలు తెలుసుకోవలసిన సంగతులు



ఏటా మే నెలాఖరుకు మీ చేతికి అందే ఫారం 10బీఈ మన ఆఫీసులోని ఒకే ఒక్క కంప్యూటర్ నుంచి బయటికి వస్తుంది. ఈ ఏడాది ఆ కంప్యూటర్‌ను మార్చాము. ఎందుకు మార్చామో, మార్చాక పన్ను సాఫ్ట్‌వేర్ నడవడానికి ఏమేం చేయవలసి వచ్చిందో మీకు చెప్పడం మా బాధ్యత. ఖర్చు పెట్టింది మీరిచ్చిన సొమ్ము, అందులో భద్రంగా ఉండవలసినవి మీ పాన్ నంబర్లు. (కొనుగోలు సాధారణ నిధి నుంచే జరిగింది. జకాత్ ఖాతాను ముట్టుకోలేదు.)

2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి, 80జీ మినహాయింపుకు మేమిచ్చే రసీదు ఒక్కటే చాలదు. సంవత్సరం ముగిశాక మే 31 లోగా ప్రతి దాత పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్, ఇచ్చిన మొత్తం, ఇచ్చిన విధానం ఫారం 10బీడీలో శాఖకు తెలపాలి. అప్పుడే 10బీఈ వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. అసలు ఇవ్వకపోతే 10,000 నుంచి 1,00,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అంత సొమ్ము కట్టవలసి వస్తే అది ఏ పిల్లవాడి ఫీజులోంచో పోవాలి.

ఇక కంప్యూటర్ సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ట్రస్టుల ఆడిట్ నివేదికకు సాధారణ గడువు సెప్టెంబర్ 30, రిటర్నుకు అక్టోబర్ 31. సరిగ్గా ఆ రెండింటి మధ్య! ఆ తేదీతో కంప్యూటర్ ఆగిపోదు, కానీ భద్రతా మరమ్మతులు ఆగిపోతాయి. వ్యక్తిగత వాడకందారులకు మరో ఏడాది పొడిగింపు పథకం ఉంది గానీ అది వాయిదా మాత్రమే. దాతలందరి వివరాలున్న యంత్రాన్ని అలా వదిలేయడం మాకు సమ్మతం కాలేదు.

పాతదానిలోనే విండోస్ 11 వేసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. దానికి 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ చాలు. అసలు అడ్డంకి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ప్రాసెసర్ తరం. ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచే పనికొస్తుంది. కొన్ని యంత్రాల్లో చిప్ ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉంటుంది. దాన్ని తెరిస్తే సరిపోతుంది. చిప్ లేకున్నా దొడ్డిదారిన ఎక్కించే ఉపాయాలు చెప్పేవాళ్లు బజారులో చాలామంది ఉన్నారు. ఇంట్లో సినిమాలు చూసుకునే కంప్యూటర్‌కు అవి సరే, ఇక్కడ వద్దనుకున్నాము.

కొత్త యంత్రం వచ్చిన రోజే పని మొదలవుతుందనుకుంటే పొరపాటు. రిటర్నుకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీ మాక్రోల మీద నడుస్తుంది. నెట్ నుంచి దించుకున్న ఫైలులో మాక్రోలను ఇప్పుడు ఆఫీస్ తనంతట తానే అడ్డుకుంటుంది. జిప్ ఫైలును విప్పక ముందే దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ‘అన్‌బ్లాక్’ టిక్ పెట్టాలి. అదీ శాఖ సొంత పోర్టల్ నుంచి దించిన ఫైలుకు మాత్రమే. వాట్సాప్‌లో ఎవరో పంపినదానికి ఈ తలుపు తీయకూడదు.

తేదీలది మరో తిరకాసు. కొత్త కంప్యూటర్‌లో ప్రాంతం అమెరికా అని ఉంటే జూన్ 5 కాస్తా మే 6 అయిపోతుంది. ముందుగా ఇండియా అని మార్చాలి. 10బీడీ కోసం తయారయ్యే సీఎస్‌వీ ఫైలును సరిచూసుకోవడానికి ఎక్సెల్‌లో తెరవకూడదు. పన్నెండంకెల ఆధార్‌ను అది కుదించి చూపిస్తుంది, ఆ రూపంలోనే సేవ్ అయితే అసలు అంకెలు పోతాయి. నోట్‌ప్యాడ్‌లో చూస్తే ఏ బాధా లేదు. టీడీఎస్ సాఫ్ట్‌వేర్‌కు జావా కావాలి, అది విండోస్‌తో రాదు కాబట్టి విడిగా వేసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసింది డిజిటల్ సంతకం దగ్గర. పెన్ డ్రైవ్ లాంటి ఆ టోకెన్‌కు డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. విండోస్ 11లో 32-బిట్ రకమే లేదు. కనుక పాత 32-బిట్ డ్రైవర్ అందులో పనిచేయదు, టోకెన్ ఇచ్చిన సంస్థ నుంచి కొత్తది తెచ్చుకోవాలి. పోర్టల్‌తో మాట్లాడే ఎం-సైనర్ కూడా మళ్లీ వేసుకోవాలి. ఈ రెండూ కుదిరేదాకా రిటర్ను ఎంత చక్కగా నింపినా సంతకం లేని చెక్కుతో సమానం. అందుకే ఏ సంస్థయినా యంత్రం మార్చే పని చలికాలంలో పెట్టుకోవాలి, మే నెలలోనో అక్టోబర్‌లోనో కాదు. ఒక గడువు దాటేదాకా పాతదాన్నీ పక్కన ఉంచుకోవడం మంచిది.

కంప్యూటర్ దానం చేస్తామని ముందుకొచ్చే సోదరులకు ఒక మాట. వస్తు రూపంలో ఇచ్చినదానికి 80జీ మినహాయింపు రాదు. అదే మొత్తం చెక్కు ద్వారానో యూపీఐ ద్వారానో ఇస్తే, మీరు పాత పన్ను విధానంలో ఉన్న పక్షంలో, వస్తుంది. నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు. వస్తువుగానే ఇవ్వదలిస్తే రెండు విషయాలు చూడండి. ‘ఎస్ మోడ్’లో వచ్చే ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ ప్రోగ్రాములే ఎక్కుతాయి. ఆ మోడ్ నుంచి ఖర్చు లేకుండా బయటపడవచ్చు. ఏఆర్ఎం ప్రాసెసర్ ల్యాప్‌టాప్ చూడముచ్చటగా ఉంటుంది, బ్యాటరీ కూడా బాగా వస్తుంది. కానీ టోకెన్ డ్రైవర్ దానికోసం ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప సంతకం పడదు.

ఆదాయపు పన్ను చట్టం 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. మీకు అలవాటైన సెక్షన్ల నంబర్లు మారతాయి, యుటిలిటీలూ మారతాయి.

పాత కంప్యూటర్‌ను పారేయడం లేదు. డిస్కులో దాతల వివరాలు పూర్తిగా చెరిపించి, లైనక్స్ వేయించి పిల్లల ట్యూషన్ గదిలో పెడతాము. మీ పాన్, పాన్‌లో ఉన్నట్టుగానే పేరు, మార్చి నెలాఖరులోగా ఆఫీసులో రాయించండి. ఇల్లు మారినవారు కొత్త చిరునామా కూడా చెప్పండి.