కోపానికీ చేతికీ మధ్య



“మా ఆయన బంగారమేనమ్మా, కోపం వస్తేనే మనిషి కాడు.” ఇలాంటి మాట మనమందరం ఎక్కడో ఒకచోట విన్నదే. దాని వెనుకే మరో మాట వస్తుంది: “వాళ్ళ నాన్నా అంతే, అది రక్తంలోనే ఉంది.” అలా అనుకొని భార్య సర్దుకుపోతుంది. పిల్లలు తండ్రి చెప్పుల చప్పుడు వింటేనే మూలకు ఒదిగిపోతారు. చివరకు ఆ మనిషి కూడా తాను మారలేనని నమ్మేస్తాడు. కోపం మగవారికే ఉండదు. లెక్క తప్పు చేశాడని బిడ్డను చితకబాది, రాత్రి ఆ బిడ్డ పక్కనే కూర్చుని ఏడ్చే తల్లులూ ఉన్నారు.

కోపం రావడం ఎవరి చేతిలోనూ లేకపోవచ్చు. కాని వచ్చిన కోపంతో ఏమి చేయాలన్నది నేర్చుకుంటే వచ్చే విద్య. ఆ విద్యను నేర్పే చికిత్స ఉంది.

పాపమా? జబ్బా?

కోపం ఒక జబ్బు కాదు. ఆకలి, భయం లాగే అది దేవుడు మనలో పెట్టిన ఒక భావం. అన్యాయం చూసి కోపం రాని మనిషి అన్యాయాన్ని ఎదిరించలేడు. ఆదికాండము 4వ అధ్యాయము గుర్తుచేసుకోండి. కయీను తమ్ముని మీద చెయ్యి ఎత్తకముందే దేవుడు అతనితో మాట్లాడాడు. నీకు కోపమెందుకని అడిగాడు. కోపానికీ, చేసే పనికీ మధ్య కొంత చోటు ఉందని ఆ ప్రశ్నే మనకు చెబుతుంది. కయీను ఆ చోటును వాడుకోలేదు. ఆ చోటును గుర్తుపట్టి, కొంచెం పెద్దది చేసుకోవడమే చికిత్స నేర్పే పని.

శరీరంలో జరిగేది

కోపం రాగానే మూత్రపిండాల మీద ఉండే గ్రంథుల నుండి అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, బి.పి. పెరుగుతుంది, పళ్ళు బిగుసుకుంటాయి, చెవులు వేడెక్కుతాయి. అమెరికాలో గుండెపోటు వచ్చిన 1,623 మందిని పరిశీలించి 1995లో ఒక అధ్యయనం ప్రచురించారు. తీవ్రమైన కోపం వచ్చిన తరువాతి రెండు గంటల్లో గుండెపోటు ముప్పు రెండింతలకు మించి ఉంటుందని అందులో తేలింది. బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నవారు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి.

కక్కేస్తే తగ్గుతుందా?

“మనసులో పెట్టుకోకుండా అరిచేస్తే పోతుంది” అని చాలామంది అంటారు. గిన్నెలు విసరడం, గోడను గుద్దడం కూడా అందుకే చేస్తారు. ఇది సరి కాదు. 2024లో ఇద్దరు పరిశోధకులు 154 అధ్యయనాలను, అంటే పది వేలమందికి పైగా మనుషుల వివరాలను, ఒకచోట చేర్చి చూశారు. శరీరాన్ని ఇంకా ఉద్రేకపరిచే పనుల వల్ల కోపం తగ్గడం లేదనీ, నిదానంగా ఊపిరి తీయడం, కండరాలను వదులు చేయడం వంటి పనుల వల్లనే తగ్గుతున్నదనీ కనుగొన్నారు. నిప్పు మీద కిరసనాయిలు పోస్తే ఆరదు గదా!

చికిత్సలో ఏమి నేర్పుతారు?

డాక్టర్ ఆరన్ బెక్ 1960లలో అమెరికాలో ఒక మాటల చికిత్సను రూపొందించారు. మనకు బాధ కలిగించేది జరిగిన సంఘటన ఒక్కటే కాదు, దానికి మనం చెప్పుకొనే అర్థం కూడా అన్నది దానికి పునాది. 1975లో రేమండ్ నొవాకో అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి పద్ధతినే కోపానికి వాడి చూశారు. శరీరాన్ని వదులు చేసుకోవడం, తనకు తాను చెప్పుకొనే మాటలను మార్చుకోవడం – ఈ రెండూ కలిపి నేర్చుకున్నవారికి ఎక్కువ మేలు జరిగింది.

మన సాలూరు లారీల ఊరు కాబట్టి ఒక డ్రైవరునే ఉదాహరణగా తీసుకుందాం. రెండు రాత్రులు నిద్ర లేకుండా ఘాటీ దిగి ఇంటికి వచ్చాడు. “ఏటి ఇంత ఆలస్యం?” అని భార్య అడిగింది. అతని మనసులో “నన్ను అనుమానిస్తోంది, నాకు విలువ లేదు” అనే మాట మెరుపులా వచ్చింది. చెయ్యి లేచింది. ఆమె అడిగినది మాత్రం భయంతో, ఘాటీలో ఏమయిందోనని. సైకాలజిస్టు ఇతనితో సాధారణంగా వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు పనిచేస్తారు. ఆ వారాల్లో నేర్పేవి ఇవి:

1. కోపం పుస్తకం. కోపం వచ్చిన ప్రతిసారీ ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మీద, ఆ క్షణంలో ఏమనుకున్నాడు, ఏమి చేశాడు, తరువాత ఏమయింది అని రాయాలి. రాయడం రాకపోతే చెప్పవచ్చు. రెండు మూడు వారాలకే వరుస కనబడుతుంది: నిద్ర లేనప్పుడు, తాగినప్పుడు, అప్పుల మాట వచ్చినప్పుడు.

2. తొలి గుర్తులు. దవడ బిగియడం, అరచేతులు చెమర్చడం వంటివి ముందే తెలుస్తాయి. అప్పుడే పొట్ట నిండా ఊపిరి తీసి, తీసినదానికంటే నిదానంగా వదలాలి. కోపం లేనప్పుడు రోజూ సాధన చేస్తేనే కోపంలో అక్కరకు వస్తుంది.

3. మాటను పరీక్షించడం. “నాకు విలువ లేదు” అనుకున్నదానికి రుజువేమిటి? ఆమె మాటకు మరో అర్థం ఉండవచ్చా?

4. చెప్పి పక్కకు వెళ్ళడం. “నాకు కోపం వస్తోంది. అరగంటలో వచ్చి మాట్లాడతాను” అని చెప్పి బయటకు వెళ్ళాలి. బండి నడపకూడదు, తాగకూడదు. చెప్పిన వేళకు తిరిగి రావాలి. రాకపోతే అది అలగడమే అవుతుంది.

5. సాధన. చిన్న కోపంతో మొదలుపెట్టి పెద్ద కోపం దాకా సైకాలజిస్టు ఎదుట ఊహించుకుంటూ, వేరే జవాబు చెప్పడం అలవాటు చేసుకోవాలి.

మధ్యలో మళ్ళీ కోపంతో అరిచినంత మాత్రాన చికిత్స పోయినట్టు కాదు. ఎక్కడ జారామో పుస్తకంలో రాసుకొని మరుసటి వారం దానిమీదే పనిచేయాలి.

డాక్టరు ముందుగా చూసేవి

మద్యం, నిద్రలేమి, డిప్రెషన్, తలకు తగిలిన పాత దెబ్బ, కొన్ని మానసిక వ్యాధులు – వీటివల్ల కూడా కోపం అదుపు తప్పుతుంది. ఎప్పుడూ శాంతంగా ఉండే మనిషి ఉన్నట్టుండి మారిపోతే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. మూల కారణానికి మందులు కావలసి రావచ్చు. పొరుగువారి సలహాపై నిద్రమాత్రలు కొనవద్దు.

దెబ్బలు తింటున్నవారికి ఒక మాట

అమ్మా, ఆయన చికిత్సకు వెళ్తున్నారు కదా అని దెబ్బలు భరించనక్కరలేదు. ఆయన యజమాని ముందు, పోలీసు ముందు కోపాన్ని ఆపుకోగలిగితే ఇంట్లోనూ ఆపుకోగలరు. మీ భద్రత, పిల్లల భద్రత ముందు. గృహహింస నుండి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. మహిళల సహాయానికి 181, అత్యవసరమైతే 112 నంబరుకు ఫోను చేయండి. క్షమించడం అంటే ప్రమాదంలో ఉండిపోవడం కాదు.

ఎక్కడికి వెళ్ళాలి?

2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దగ్గరలోని ప్రభుత్వాసుపత్రి డాక్టరును అడిగితే సైకియాట్రిస్టు వద్దకు పంపిస్తారు. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. “పిచ్చి ఆసుపత్రికి వెళ్ళాడంటారు” అని వెనుకాడవద్దు. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ప్రార్థన చేసేవారికి కౌన్సెలింగ్ ఎందుకు అని కొందరు అడుగుతారు. కాలు విరిగితే ప్రార్థిస్తాం, కట్టూ వేయించుకుంటాం. మనసు సంగతీ అంతే. ఈ వారమే ఒక చిన్న నోటుపుస్తకం కొని మొదటి పేజీ రాయండి. చదివి వినిపించడానికి ఇంట్లో ఎవరూ భయపడని రోజు మీ కుటుంబానికి రావాలని మా ప్రార్థన.

ప్రభువు మీ గృహమునకు సమాధానము దయచేయును గాక.