హార్వర్డ్‌కు జర్మనూ కసరత్తూ తెచ్చిన మాస్టారు

2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు అమెరికా, కెనడా, మెక్సికో ఆతిథ్యమిస్తున్నాయి. ఆ సందర్భానికి తగ్గట్టు, ఆటల గురించి జర్మన్‌లో మాట్లాడాలంటే ఏ వ్యాకరణం కావాలో, ఎలా పలకాలో ముఖచిత్ర కథనంగా రాయమన్నారు సంపాదకులు. నియమాలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి. అమెరికాలో జర్మన్‌నూ కసరత్తునూ ఒకే చేత్తో నేర్పిందెవరని వెతుకుతూ, ఆండ్రూ ప్రెస్టన్ పీబాడీ 1888లో అచ్చువేసిన హార్వర్డ్ జ్ఞాపకాల దగ్గర ఆగిపోయాను.

పీబాడీ అక్కడ చదువుకుంటున్న 1825లో ఆ కాలేజీకి జర్మన్ చెప్పడానికి ఒక మాస్టారు వచ్చాడు. పేరు కార్ల్ ఫోలెన్. రాజకీయాల వల్ల స్వదేశం విడిచి వచ్చినవాడు, అమెరికాలో చార్లెస్ అయ్యాడు. తరగతికి ఎనిమిది మందిని పోగుచేయడమే గగనమైంది. దుకాణాల్లో జర్మన్ పుస్తకాలు లేవు. వాచకం ఆయనే కూర్చి, పాఠానికి ఎంత కావాలో అంత, ఒక్కో ఫారం అచ్చువేయించి పంచేవాడు. జర్మన్ అచ్చక్షరాలు చుట్టుపక్కల దొరక్క రోమన్ లిపిలోనే వేయించాడు. ఆ కాగితాల్లో గోథే, షిల్లర్, హెర్డర్ ఉన్నారు. మాస్టారికి ప్రాణం మాత్రం కోర్నర్ యుద్ధగీతాలు. నెపోలియన్ సేనలతో పోరాడుతూ 1813లో కన్నుమూసిన యువకవి కోర్నర్. ఫోలెన్ ఆ గీతాలు చదువుతుంటే తన మనసుకు తగిలినంత గట్టిగా మరే పఠనమూ తగల్లేదని, అరవై ఏళ్లు గడిచాక కూడా పీబాడీ రాశాడు. ఆ ఎనిమిది మందికి జర్మన్ ఉచ్చారణ అబ్బింది ఆ గొంతులోంచే.

మరుసటి ఏడాది, 1826లో, అదే మాస్టారు కాలేజీ భోజనశాలల్లో ఒకదాన్ని వ్యాయామశాలగా మార్చాడు. ఇప్పుడు మెమోరియల్ హాల్ ఉన్న డెల్టా మైదానంలో కసరత్తు సామగ్రి దింపాడు. బెర్లిన్‌లో ఫ్రీడ్రిష్ లుడ్‌విగ్ యాన్ మొదలుపెట్టిన వ్యాయామ పద్ధతి అది. ఫోలెన్ జర్మన్ వ్యాకరణం 1828లో వెలువడింది. ఆయనతో ఒకే ఓడలో వచ్చిన చార్లెస్ బెక్ చేసిన యాన్ గ్రంథం ఇంగ్లిష్ అనువాదమూ అదే ఏడాది వచ్చింది. ఫోలెన్ 1830లో ప్రొఫెసర్ అయ్యాడు. బానిసత్వాన్ని బాహాటంగా ఎదిరించాడు. 1835లో కొలువు పోయింది. 1840 జనవరి 13న లెక్సింగ్టన్ ఆవిరి ఓడ అగ్నిప్రమాదంలో 43 ఏళ్లకే పోయాడు. తరగతి గదినీ మైదానాన్నీ విడదీయని అలాంటి గురువు నాకు ఎంతో ఇష్టం.

ఇక ఆ తర్వాతి చరిత్ర: 1848 విప్లవం ఓడాక వలస వచ్చిన జర్మన్లు సిన్సినాటి మొదలుకొని ఊరూరా యాన్ బాటలో నడిచే టర్నర్ వ్యాయామ సంఘాలు పెట్టారు. 1861లో లింకన్ ప్రమాణస్వీకారానికి కాపలా కాసినవారిలో టర్నర్లూ ఉన్నారు. మిల్వాకీలో 1882 నాటి వాళ్ల హాలు ఇంకా నిలిచే ఉంది. మొదటి ప్రపంచయుద్ధంతో జర్మన్ మీద ద్వేషం పెరిగింది. ఎనిమిదో తరగతి పాసయ్యేదాకా విదేశీ భాష నేర్పకూడదని నెబ్రాస్కా 1919లో చట్టం చేసింది. పదేళ్ల పిల్లవాడికి జర్మన్ చదవడం నేర్పినందుకు రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడికి 25 డాలర్ల జరిమానా పడింది. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది.

తెలుగువాళ్లకు జర్మన్‌లో ఆట కబుర్లు కష్టమంటే నేను ఒప్పుకోను. 'మేం బాగా ఆడాం కాబట్టి గెలిచాం' అనే మాట జర్మన్‌లో ఇలా ఉంటుంది: వియర్ హాబెన్ గెవొనెన్, వైల్ వియర్ గూట్ గెష్పీల్ట్ హాబెన్. ఇందులో 'వైల్' కారణం చెప్పే మాట. అది వస్తే క్రియ ఆ ఉపవాక్యం చివరికి పోతుంది. ఇంగ్లిష్‌వాళ్లు తడబడేది అక్కడే, మనకు అది పుట్టుకతో వచ్చిన అలవాటు. మనం 'వాళ్ల మీద గెలిచాం' అంటాం. జర్మన్లు 'గేగెన్', అంటే 'వ్యతిరేకంగా' అంటారు, దాని తర్వాత ఎప్పుడూ ద్వితీయా విభక్తే. ఆట పేరుకు ఆర్టికల్ అక్కర్లేదు: ఇష్ ష్పీలె ఫూస్‌బల్. లింగం మాత్రం బట్టీ పట్టాల్సిందే. 'దస్ టోర్' అంటే గోల్, 'డేర్ టోర్' అంటే మూర్ఖుడు.

ఉచ్చారణలో మన బలం ఇంకా ఎక్కువ. మాట మొదట్లో ఎస్, పీ కలిసి వస్తే 'ష్ప' అవుతుంది. జడ్ అక్షరం పలుకు మనం 'చలి', 'చుక్క' అనేటప్పుడు వచ్చే దంత్య చకారమే. ఫూస్‌బల్‌లో ఊకారం దీర్ఘం, బల్‌లో అకారం హ్రస్వం. ఆ తేడాను మన లిపి ఎప్పటినుంచో రాస్తూనే ఉంది. 'ఇష్' చివరి శబ్దానికి మాత్రం మనకు అక్షరం లేదు. ష, హల నడుమ పలికే ఆ ధ్వనిని విని పట్టుకోవాలి.

చెక్క కాలు, ఆరు పతకాలు
1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో జర్మనీలో పుట్టిన జార్జ్ ఐజర్ చెక్క కాలితో జిమ్నాస్టిక్స్‌లో పోటీపడ్డాడు. అక్టోబర్ 29న ఒక్కరోజే ఆరు పతకాలు గెలిచాడు: మూడు స్వర్ణాలు, రెండు రజతాలు, ఒక కాంస్యం. ఆయనది ఆ ఊరి కాంకార్డియా టర్నర్ సంఘం.

ఐన్స్ త్సు నుల్
2014 ప్రపంచకప్‌లో అమెరికా కోచ్ యుర్గెన్ క్లిన్స్‌మన్ జర్మన్. జట్టులో ఐదుగురు జర్మనీలో పెరిగినవాళ్లు: బ్రూక్స్, చాండ్లర్, జాన్సన్, జోన్స్, గ్రీన్. జూన్ 26న రెసిఫేలో జర్మనీ చేతిలో అమెరికా 1-0తో ఓడింది. ఆ స్కోరును జర్మన్‌లో పైశీర్షికలా చదవాలి.

జర్మనీ చదువుల కోసం హైదరాబాద్‌లో ఏ1, ఏ2 పరీక్షలకు కూర్చుంటున్న మన పిల్లలకు ఒక మాట. పుస్తకం పక్కన పెట్టి, వారానికో బుండెస్‌లీగా మ్యాచ్ జర్మన్ వ్యాఖ్యానంతో వినండి. విన్న వాక్యాన్ని గొంతెత్తి అనండి. ఫోలెన్ తరగతిలో ఎనిమిది మందీ నేర్చుకున్నది అలాగే.