ఎల్లమ్మకు మొక్కు, మరియమ్మకు మనవి

పానగల్ అంటే నల్లగొండ వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఛాయా సోమేశ్వరం. పొద్దంతా గర్భగుడిలో కదలకుండా నిలిచే నీడను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కందూరు చోడుల నాటి త్రికూటాలయం అది. ఊళ్లోనే పచ్చల సోమేశ్వరాలయం ఉంది, పక్కన ఉదయసముద్రం చెరువు ఉంది. రెండు గుళ్లకూ పేరు శివుడిదే. శివాలయాల్లో అమ్మవారు అయ్యవారి పక్కన కూర్చుంటుంది. కానీ ఈ ప్రాంతంలో పిల్లకు ఒళ్లు కాలినా, బోరులో నీళ్లు పడకపోయినా జనం నోట ముందు వచ్చే పేర్లు పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ. వీళ్ల పక్కన అయ్యవారు ఉండడు. ఉంటే గింటే తమ్ముడు పోతరాజు ఉంటాడు, అదీ గుడి బయట కాపలాకు.

పానగల్‌కు దగ్గర్లోనే కనగల్ మండలం ధర్వేశిపురంలో రేణుకా ఎల్లమ్మ కొలువై ఉంది. ఇటు నల్లగొండ పట్నం 1976 నుంచి ఒక కథోలిక మేత్రాసనానికి కేంద్రం. అంతకు చాలాముందు, 1890ల్లోనే, రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండలో పని చేశాడు. పాలమూరు వైపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు పాదుకున్నాయి. బోనం ఎత్తే ఇల్లూ, జపమాల చెప్పుకునే ఇల్లూ, బైబిలు తప్ప మరేదీ పట్టని ఇల్లూ ఒకే మండలంలో ఉంటాయి. అందుకే "మీ మరియమ్మా మా ఎల్లమ్మా ఒకటే గదా" అన్న మాట ఇక్కడ తరచూ వినబడుతుంది. స్నేహంతో అనే మాటే. నిజమెంతో చూద్దాం.

పైకి కనిపించే పోలికలు చాలానే ఉన్నాయి. గుణదల కొండకు వెళ్లినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. 1924లో ఫాదర్ అర్లాటి అనే ఇటలీ గురువు అక్కడ లూర్దు మాత స్వరూపాన్ని నిలిపాడు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలు జరుగుతాయి. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, మొక్కు తీరిందని మెట్లెక్కుతారు. వచ్చేవాళ్లలో హిందువులూ తక్కువేమీ ఉండరు. ఈ తతంగంలో చాలాభాగం రోము నుంచి వచ్చింది కాదు, మన తిరునాళ్ల నుంచి వెళ్లింది. తల్లి దగ్గరికి ఉత్తచేతులతో వెళ్లకూడదని తెలిసిన జనం ఏ కొండెక్కినా అదే చేస్తారు.

చర్చి పెద్దలు ఈ జనం ధోరణిని చూడటం గుణదలతో మొదలవలేదు. క్రీస్తుశకం 4వ శతాబ్దంలో సైప్రస్ దీవిలోని సలామిస్ బిషప్పు ఎపిఫానియస్ ఒక ఫిర్యాదు రాసిపెట్టాడు. అరేబియా వైపు కొందరు స్త్రీలు పీఠం పరిచి, గుడ్డ కప్పి, రొట్టెలు చేసి మరియ పేరున నైవేద్యం పెట్టి, తర్వాత తామే పంచుకు తింటున్నారట. బోనం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. ఎపిఫానియస్‌కు మాత్రం అది అపచారం. మరియను గౌరవించండి, ఆరాధన మాత్రం దేవునికే అన్నాడు. ఆయన గీసిన గీతే ఈనాటికీ కథోలిక బోధన. లాటిన్‌లో మూడు మెట్లు చెబుతారు. దేవునికి మాత్రమే చెందే ఆరాధన లాత్రియా. పునీతులకిచ్చే గౌరవం దూలియా. మరియకిచ్చేది ఆ గౌరవంలోనే అన్నిటికన్నా ఎత్తయినది, హైపర్‌దూలియా. ఎంత ఎత్తయినా అది గౌరవమే, ఆరాధన కింద లెక్కకు రాదు.

431లో ఎఫెసు నగరంలో జరిగిన మహాసభ ఆమెను 'దేవమాత' అని పిలవవచ్చని తేల్చింది. ఆ సభ అసలు తగువు యేసు ఎవరన్నదాని మీద: ఆయన పుట్టుకతోనే దేవుడైతే కన్నతల్లి దేవమాతే కదా అన్నది తర్కం. అంటే మరియకు దక్కిన పెద్ద బిరుదు కూడా కొడుకు ద్వారా వచ్చిందే. ఆ ఎఫెసు అంతకుముందు ఆర్టెమిస్ దేవత గుడికి లోకప్రసిద్ధం. పాత దేవత ఖాళీ చేసిన చోట కొత్త తల్లి కూర్చుందని కొందరు చరిత్రకారులంటారు. జనం మనసులో అలా జరిగి ఉండొచ్చు. బోధనలో మాత్రం జరగలేదు.

ఎల్లమ్మ సంగతి దీనికి పూర్తిగా వేరు. ఆమె ఎవరినీ అడిగి ఇవ్వదు. ఇచ్చేదీ ఆమే, తీసుకునేదీ ఆమే. శాస్త్రం తెలిసినవాళ్లు శక్తి అంటారు, ఊరివాళ్లు "తల్లి మహిమ" అంటారు. దేవీ మాహాత్మ్యంలోనైతే దేవతలందరూ చేతగాక నిలబడిపోతే వాళ్ల తేజస్సులన్నీ కలిసి ఆమె అయింది. మహిషాసురుణ్ణి చంపడానికి ఆమె ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు.

కాబట్టి కథోలికుల మరియకు మన వైపు సరైన పోలిక కావాలంటే ఎల్లమ్మ దగ్గర ఆగితే కుదరదు, భద్రాచలం దాకా వెళ్లాలి. 17వ శతాబ్దంలో గోల్కొండ చెరసాలలో మగ్గిన రామదాసు, రాముడు పలకకపోతే సీతమ్మను బతిమాలాడు. ఏకాంతంలో ఉన్నప్పుడు నా మాట కాస్త ఆయన చెవిన వెయ్యి తల్లీ అని ఆయన కీర్తన చెప్పే సంగతి తెలుగువాళ్లలో తెలియనివాళ్లుండరు. దీని వెనక శ్రీవైష్ణవుల సిద్ధాంతం ఒకటుంది. దాన్ని పురుషకారం అంటారు. తప్పుచేసిన జీవుడు నేరుగా స్వామి ముందుకు పోవడానికి భయపడితే లక్ష్మీదేవి మధ్యన నిలబడి సిఫారసు చేస్తుంది. గుణదల కొండ మీద జపమాల పట్టుకున్న స్త్రీ చేస్తున్నది సిద్ధాంతరీత్యా ఇదే: "మా కోసం ప్రార్థించు" అని అడుగుతుంది. మరియను నేరుగా "ఇయ్యి" అని అడగడం బోధనలో లేదు. జనం అడగరా అంటే అడుగుతారు, అది వేరే సంగతి.

అయితే ఈ పోలికా చివరిదాకా సాగదు. లక్ష్మి స్వయంగా దేవి, స్వామికి భార్య. మరియ మనిషి. నజరేతు అనే చిన్న ఊరి పిల్ల. ఆమె మాట చెల్లేది తల్లిగా.

నా దృష్టిలో ఈ ఇద్దరు తల్లుల మధ్య అసలు తేడా బయటపడేది జబ్బు దగ్గర. మశూచి వస్తే మన పెద్దలు "అమ్మవారు పోసింది" అనేవారు. జబ్బును అమ్మవారు పంపిందని చెప్పి ఊరుకునేవారు కాదు, ఒంటి మీద వెలిసిన పొక్కులే అమ్మవారు. అందుకే ఆ ఇంట్లో తాలింపు వేయరు, వేపమండలు కడతారు, రోగిని దేవత ఆవహించిన మనిషిలా చూస్తారు. చల్లబరచడమే వైద్యం. తల్లి కోపం తగ్గి చల్లగా చూస్తే తనంతట తానే దిగిపోతుంది. హైదరాబాద్, సికింద్రాబాద్ బోనాలకూ 19వ శతాబ్దం తొలినాళ్ల కలరాకూ ముడిపెట్టి చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. గుళ్లో సాక పోసినా, యాటను కోసినా అర్థం ఒకటే: వేడిగా ఉన్న తల్లిని చల్లబరచడం. లోకంలో మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. పోచమ్మ గుళ్లు మాత్రం మూతపడలేదు. జబ్బు పోయినా, కోపం రాగల తల్లి ఒకతె ఊరి పొలిమేరలో ఉండటం జనానికి అవసరమే అనిపించింది.

లూర్దు కథలో జబ్బుకూ మరియకూ ఇలాంటి బంధుత్వం లేదు. 1858లో ఫ్రాన్సులో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పేదింటి పిల్లకు ఒక గుహలో 18 సార్లు దర్శనమైందని కథోలికులు నమ్ముతారు. ఆ తల్లి ఆ పిల్ల మాట్లాడే పల్లె యాసలోనే మాట్లాడిందట, పట్నపు ఫ్రెంచిలో కాదు. బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీ గొంతులో ఉజ్జయిని మహంకాళి మన జనం తెలుగులోనే పలుకుతుంది. ఇక్కడిదాకా ఇద్దరూ అక్కాచెల్లెళ్లే. కానీ మహంకాళి "నాకు చేయాల్సింది సరిగా చేయలేదు" అని నిలదీస్తుంది. లూర్దు తల్లి పాపుల కోసం ప్రార్థించమంది, గుడి కట్టమంది, అలిగి రోగం పంపుతానని అనలేదు. లూర్దులో స్వస్థతలు జరిగాయని వేలమంది చెప్పుకున్నారు. చర్చి విచారించి అద్భుతాలని ఒప్పుకున్నవి 70కి కొంచెం పైన. అద్భుతం చేసింది దేవుడనే ఆ విచారణల్లో రాసుకుంటారు.

పాము సంగతి కూడా చూడండి. నిష్కళంక మాత స్వరూపాల్లో మరియ పాదం కింద పాము నలుగుతూ ఉంటుంది. అది సైతాను. మన అమ్మవార్ల తలపైన అదే పాము పడగ విప్పి గొడుగు పడుతుంది. ఎల్లమ్మ పుట్టలోంచి వెలిసిందంటారు, ఆ పుట్టలో పాలు పోస్తారు. విగ్రహాలను పక్కపక్కన పెట్టి చూసిన పిల్లవాడు అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది. పెద్దలు జవాబు సిద్ధం చేసుకోవడం మంచిది.

శరీరం విషయంలోనూ అంతే. అలంపురంలో దొరికిన లజ్జాగౌరి శిల్పానికి తల చోట తామరపువ్వు ఉంటుంది, దేహం ప్రసవానికి సిద్ధమైన భంగిమలో ఉంటుంది. పిల్లలు లేని ఆడవాళ్లు ఆమెను మొక్కేవారు. మరియ తల్లి అయినా కన్యే. ఆమె మాతృత్వం పవిత్రమైనదంటే శరీరధర్మానికి అతీతంగా జరిగిందని. మన పల్లె తల్లుల పవిత్రత శరీరంలోంచే వస్తుంది.

ఇంతవరకూ చెప్పింది కథోలికుల సంగతి. నల్లగొండ, పాలమూరు క్రైస్తవుల్లో బాప్టిస్టులు, మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ల లెక్క వేరు. వాళ్ల ప్రార్థనా మందిరంలో మరియ స్వరూపం కనబడదు. మనిషికీ దేవునికీ మధ్య క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని తిమోతికి రాసిన మొదటి పత్రిక చూపిస్తారు. క్రిస్మస్ నాటకంలో తప్ప మరియ ముందుకు రాదు. ఈ బాప్టిస్టు ఉద్యమం ఒంగోలు నుంచి వచ్చింది. అక్కడ జాన్ క్లౌ అనే మిషనరీ, సంఘంలో చేరినవాళ్లకు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చేరినవాళ్లలో అధికులు మాదిగలు. ఊరమ్మ జాతరలో డప్పు కొట్టేదీ వాళ్లే, అమ్మవారు పూనే మాతంగి అయ్యేదీ వాళ్ల ఆడబిడ్డే. మూడో షరతు వాళ్ల దేవతనే కాదు, ఊళ్లో వాళ్లకున్న మిరాశీని కూడా వదులుకోమంది. కథోలిక సంఘంలో చేరినవాళ్లకు ఒక తల్లి పోయి ఇంకో తల్లి దొరికింది. బాప్టిస్టులకు తల్లి స్థానంలో ఎవరూ రాలేదు. అది లోటని బయటివాళ్లం అనుకోవచ్చు. కీడు చేసే దేవతకు భయపడాల్సిన పని తప్పిందని వాళ్లు సాక్ష్యాల్లో సంతోషంగానే చెబుతారు.

ఆ భయంలో అర్థం ఉంది. బైండ్లవాళ్లు జమిడిక మీద చెప్పే కథలో రేణుక మనసు ఒక్క క్షణం చలించినందుకు భర్త ఆజ్ఞ మీద కొడుకే తల నరికాడు. అడ్డుపడిన మాదిగ స్త్రీ మాతంగి తలా తెగింది. బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. అలా పెద్దింటి తలకు మాదిగ ఒళ్లు, మాదిగ తలకు పెద్దింటి ఒళ్లు వచ్చాయి. కులాన్ని ఇంత సూటిగా ఎగతాళి చేసిన దేవత కథ నాకు మరొకటి తెలియదు. అయినా అదే ఎల్లమ్మ పేరు చెప్పి పాలమూరు జిల్లాలో దళిత పిల్లలను జోగినులుగా మార్చారు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. ఆడదేవతను కొలిచే చోట ఆడవాళ్లకు విలువ ఉంటుందనే వాదన ఈ ఒక్క చట్టం ముందు నిలవదు.

మరియను కొలిచే చోటా ఆ వాదన నిలవదు. దేవమాత అని పిలిచే చర్చిలో దివ్యపూజాబలి అర్పించేది పురుషులే. అది మారదని 1994లో రెండో జాన్ పాల్ పోపు ఖరాఖండిగా చెప్పాడు. పోచమ్మకు బోనం మోసేది ఆడవాళ్లు, గుడి పూజారి కుమ్మరో చాకలో, సాధారణంగా మగవాడే. ఆడవాళ్లు తామే మొదలుపెట్టి తామే ముగించే భక్తి రెండు వైపులా పూజారి అక్కర్లేని చోటే మిగిలింది. కథోలిక ఇళ్లలో అది జపమాల, అక్టోబరు నెలంతా. పానగల్‌లో, నల్లగొండలో అది బతుకమ్మ. గుడి లేదు, విగ్రహం లేదు, పసుపు గౌరమ్మ, తంగేడు, గునుగు, చెరువు, అంతే. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. అప్పటి నుంచి వేదిక ఎక్కి ఉపన్యసించడానికి మగవాళ్లు కూడా వస్తున్నారు.